ఆవు కడుపులో చెయ్యిపెట్టి ఆడిన బేరం

పశువైద్యంలోకి రాబోయే పిల్లలకు నాదొక ఉచిత సలహా. మా వంశంలో ఉచితంగా దొరికేది ఇదొక్కటే, కాబట్టి జాగ్రత్తగా పుచ్చుకోండి. కాలేజీలో చేరేముందు కొన్నాళ్ళు ఏదైనా పాత్రల అంగడిలో కూర్చోండి.

నవ్వకండి. మా నాన్నది చింతామణిలో ఇత్తడి, స్టీలు పాత్రల అంగడి. పక్కనే చిన్నాన్నది పప్పుల అంగడి, ఎదురుగా మేనమామది బట్టల అంగడి. మా వీధిలో ఏదో ఒకటి అమ్మనివాడికి పిల్లనిచ్చేవాళ్ళు కాదు. అలాంటి ఇంట్లో పుట్టి నేనొక్కణ్ణే ఏమీ అమ్మకుండా ప్రభుత్వ పశువుల డాక్టరునయ్యాను. మావాళ్ళు దాన్ని ఇప్పటికీ ఇంట్లో జరిగిన దుర్ఘటనల్లోనే చేరుస్తారు.

బిందె కొనడానికి వచ్చినావిడ ముందు ధర అడగదు. వేలి కణుపుతో బిందె అంచు మీద ఒక్కటి కొడుతుంది. ఖంగుమంటే మంచి సరుకు. బద్‌మంటే ఎక్కడో పగులుంది. ఆవు దగ్గరికొచ్చేసరికి ఈ శాస్త్రం తలకిందులవుతుంది. డొక్క మీద స్టెతస్కోపు ఆనించి, పక్కనే వేలితో టక్కున మీటితే మామూలుగా బద్‌మనాలి. లోపల బిందె మోగినట్టు ఖంగుమంటే సరుకు చెడిందని అర్థం.

ఎందుకు మోగుతుందంటారా? ఆవుకు నాలుగు కడుపులు. మొదటిది గోడౌను, ఎడమపక్కంతా దానిదే. మధ్య రెండూ జల్లెడ, తిరగలి అనుకోండి. నాలుగోది అసలు వంటిల్లు. అది పొట్ట అడుగున బుద్ధిగా పడి ఉండాలి. ఈనిన కొత్తలో, దూడ ఖాళీ చేసిన జాగా లోపల బోలెడు ఉంటుంది. అప్పుడు గడ్డి తగ్గించి పిండి, అన్నం దట్టిస్తే ఆ నాలుగో కడుపు గ్యాసు నిండి, బుడగలా పైకి తేలి, ఎడమపక్కకు జరిగి గోడౌనుకూ డొక్కకూ మధ్య ఇరుక్కుంటుంది. బాడుగకున్నవాడు పక్కింటి వరండా ఆక్రమించినట్టన్నమాట. దానివల్ల ఆవు వెంటనే చావదు. తినీ తినక, ఇచ్చీ ఇవ్వక నెలల తరబడి డాక్టరు పరువు తీస్తూ ఉంటుంది. అదే కుడిపక్కకు తేలిందా, మెలిపడొచ్చు. మెలిపడితే ఆ పూటే ఆఖరు. ఎడమ, కుడి. ఈ తేడా ఒక్కటి గుర్తుంచుకుంటే మిగతాది మీకే అర్థమవుతుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు మారతహళ్ళి వైపు ఒక పశువుల ఆసుపత్రికి పోస్టింగు వచ్చింది. రింగ్ రోడ్డు అప్పటికి కొంత రోడ్డు, కొంత కంకర, కొంత వాగ్దానం. ఒకపక్క అద్దాల ఆఫీసులు లేస్తుంటే, ఇంకోపక్క రాగిచేను మిగిలి ఉండేది. పీజీ హాస్టళ్ళు పుట్టగొడుగుల్లా వచ్చాయి. వాటిలో పిల్లలు తినగా మిగిలిన అన్నం బకెట్లకు బకెట్లు ఊళ్ళోని ఆవులకు చేరేది. ఆవులిచ్చే పాలు తిరిగి ఆ పిల్లల కాఫీలోకి చేరేవి. ఇంత చక్కటి ఇచ్చిపుచ్చుకోడం మా వీధిలో కూడా చూడలేదు. మధ్యలో దెబ్బతిన్నది ఆవు కడుపొక్కటే.

ఆసుపత్రిలో నాకొక ఇన్‌స్పెక్టరు ఉండేవాడు. డాక్టరుకు కింద, అటెండరుకు మీద ఉండే ఉద్యోగం అది. రిటైర్మెంటుకు దగ్గరపడినవాడు. చేతులు వణికేవి, నాలుక మాత్రం వణికేది కాదు. నేను చేరిన రోజే, "సార్, మీకు ముందున్న డాక్టరు చానా మంచోడు. ఏమీ చేసేవాడు కాదు. అందుకే ఆయన చేతిలో ఏమీ చావలేదు," అని ఉద్యోగధర్మం బోధించాడు.

బెళ్ళందూరు దారిలో ఒక అక్క ఉండేది. ఆమె పుట్టినిల్లు మా చింతామణి దగ్గరే. మా నాన్న అంగట్లో కొన్న బిందె తన పెళ్ళినాటినుంచి సొట్ట కూడా పడలేదని మొదటిరోజే చెప్పి నన్ను పడగొట్టింది. భర్త పోయాడు. ఉమ్మడి జాగాలో ముందు ఇల్లు, వెనక కొట్టం. కొట్టంలో ఒక పెద్ద నలుపు తెలుపు సీమావు. అదే ఆమె సంసారం. పక్కవాటాలో మరిది. అతనికి ఆ కొట్టం ఉన్నచోట రూములు కట్టి పీజీకివ్వాలని కోరిక. మంచి బేరమే, నేనైనా అదే అనుకునేవాణ్ణి. వాళ్ళ మధ్య పెద్దమనుషులు చేసిన ఒప్పందం ఒకటే: కొట్టంలో ఆ సీమావు ఉన్నన్నాళ్ళు కొట్టం ఆమెది. ఆవు పోతే జాగా మరిదిది.

కాబట్టి ఆ ఇంట్లో ఆవుకు జలుబు చేసినా ఇద్దరు వచ్చి చూసేవాళ్ళు. ఇద్దరి చూపులూ వేరు.

ఈనిన కొన్నాళ్ళకు ఆవు మేత వదిలింది. నేను వెళ్ళాను. నోటి దగ్గర తియ్యటి వాసన. పాలు ఎక్కువిచ్చే ఆవుకు ఒంట్లో చక్కెర తగ్గి వచ్చే రోగమని చెప్పి గ్లూకోజు ఎక్కించాను. గ్లూకోజులో ఒక గొప్ప గుణముంది, బాటిల్ వేలాడుతున్నంతసేపూ వైద్యం జరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఆవు లేచింది, రెండు రోజులు తిన్నది, మళ్ళీ మొహం తిప్పుకుంది. మళ్ళీ బాటిల్. మళ్ళీ అదే.

"ఏం డాక్టరప్పా," అంది అక్క, "నువ్వు వచ్చినప్పుడు తింటాది, పోతానే మానేస్తాది. ఇది రోగమా, నీ మీద ప్రేమా?"

"వదినా, కర్చు యాల పెంచుతావు? సంతకు తోలేస్తే పోలా," అన్నాడు మరిది గడపలోంచి, నొప్పిలేకుండా.

"నిన్ను తోలితే ఎంతిస్తారో ముందు అడిగి రాప్పా."

ఎడమ డొక్క మీద మీటి చూడాలని పుస్తకాల్లో ఉంది. కానీ ఆ కొట్టంలో ఆవును ఎప్పుడూ ఎడమపక్క గోడకు ఆనించే కట్టేవాళ్ళు. గోడకూ ఆవుకూ మధ్య దూరాలంటే డాక్టరు సన్నగా ఉండాలి, లేదా బుద్ధి ఉండాలి. నాకు రెండూ తక్కువే. అందుకని కుడిపక్కే నిలబడి వైద్యం చేస్తూ వచ్చాను. చివరికి పుణ్యం కట్టుకున్నది మరిదే. ఆవు ఎలాగూ పోతుందన్న ధీమాతో ఒకరోజు మేస్త్రీని పిలిపించి కొట్టం కొలిపించాడు. స్తంభాల మీద సుద్దగీతలు గీయడానికి అడ్డమని ఆవును బయట వాకిట్లో కట్టారు. నేను వెళ్ళేసరికి ఎడమ డొక్క ఎండలో నిగనిగలాడుతూ ఉంది. మొహమాటానికి ఒకసారి మీటాను.

ఖంగు!

మా అంగట్లో ఈ మోత వింటే వెంటనే తూకం వేసేవాళ్ళం. ఇక్కడ నాకు చెమట పట్టింది. అక్కకు విషయం చెప్పాను. ఆవును పడుకోబెట్టి దొర్లించి చూడొచ్చు, మళ్ళీ జరిగే అవకాశం ఎక్కువ, గట్టి మార్గం ఆపరేషనే, కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్దాం అన్నాను. నిజానికి చెల్లని సరుకును పక్క అంగడికి తోసెయ్యడం మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఆవును ఎక్కించడానికి టెంపో కావాలి. ఊళ్ళో ఇటుకలు తోలే టెంపో డ్రైవరు ఒకడున్నాడు. అతను చెప్పిన బాడుగ విని నేను నేలవైపు చూశాను. నేను చెప్పింది విని అతను ఆకాశంవైపు చూశాడు. ఆవు రోగాన్ని పక్కనపెట్టి మేమిద్దరం చాలాసేపు ఈ నేలా ఆకాశాల మధ్యే తిరిగాం. చివరికి నేనే గెలిచాను. గెలిచినప్పుడే భయపడాలి, మా నాన్న ఎప్పుడూ చెప్పేవాడు.

"ఈ బాడుగకి మెయిన్ రోడ్డులో డీజిలు కాల్చేకి ఔతాదా సార్? అడ్డదావలో పోతా," అన్నాడు డ్రైవరు.

అడ్డదావ అంటే ఇంకా వెయ్యని రింగ్ రోడ్డు. కంకర గుట్టలు, పైపుల కోసం తవ్విన కాలువలు, రాళ్ళ క్వారీ పక్కన ఒక లోయ. ముందు సీట్లో నేనూ అక్కా ఎగిరెగిరి టాపుకు తగులుతున్నాం. వెనక ఆవుతోపాటు మరిది. అతని కేకల్లో మా ముగ్గురి వంశాలూ వినిపించాయి. హెబ్బాళలోని ఆ కాలేజీ ఆసుపత్రి చేరేసరికి నా స్టెతస్కోపు మెడలోంచి జారి ఎక్కడో రోడ్డుపాలైంది.

అక్కడ ప్రొఫెసరుగారు గౌను వేసుకుని సిద్ధంగా ఉన్నారు. చుట్టూ విద్యార్థులు. ఆయన ఎడమ డొక్క మీద మీటారు. బద్. ఇంకొంచెం పైన మీటారు. బద్. ఈలోపు మా రోగి మెడ సాచి ఆపరేషను గది ముందున్న మందార చెట్టును కొమ్మలతో సహా నమిలి, ప్రొఫెసరుగారి బూటు పక్కన ఘనంగా పేడ వేసింది.

"డాక్టరుగారూ," అన్నారాయన, విద్యార్థులకు వినపడేలా, "మనకిక సర్జన్లు అక్కర్లేదు. ఇలాంటి రోడ్లు ఇంకో నాలుగుంటే చాలు."

అందరూ నవ్వారు. కుదుపులకు ఆ కడుపు సొంత చోటికి జారిందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మళ్ళీ తేలవచ్చు, జాగ్రత్త అని నన్ను పక్కకు పిలిచి చెప్పారు కూడా. జోకు పదిమంది ముందు, జాగ్రత్త చెవిలో. పెద్దవాళ్ళ పద్ధతే అది.

తరువాత జరిగింది మీరు ఏ పుస్తకంలోనూ చదవరు. ఆవు కోలుకుంది. పాలు పెరిగాయి. ఎవరివల్ల? బాటిల్ మీద బాటిల్ ఎక్కించి చేతకానివాడిలా నిలబడ్డ నావల్ల కాదు గదా. టెంపోవల్ల. మేత తినని ఆవు ఎక్కడున్నా డ్రైవరుకు కబురు వెళ్ళేది. అతను ఇటుకలు మానేసి, బండి ముందు ఒక నిమ్మకాయ, వెనక మెత్తగా వరిగడ్డి పరిచి, వైద్యం మొదలుపెట్టాడు. మామూలు రోగానికి క్వారీ దాకా ఒక రౌండు. మొండి రోగానికి రెండు. బాగైనవాటిని టెంపో బాగుచేసింది, కానివాటిది తలరాత. ఈ రెండో ముక్క మనం కూడా ఎన్నోసార్లు వాడుకున్నదే కాబట్టి నాకు గట్టిగా నోరెత్తే మొహం లేదు.

ఆసుపత్రిలో ఈగలు తోలుకుంటూ కూర్చున్న నాతో ఇన్‌స్పెక్టరు, "డిపార్టుమెంటుకు రాద్దామా సార్, మందులొద్దు, ఒక టెంపో శాంక్షన్ చెయ్యమని?" అనేవాడు. "మీరు డ్రైవింగు నేర్చుకోండి. నేను క్లీనరుగా వస్తా."

రెండు నెలలు గడిచాయో లేదో, ఒక మధ్యాహ్నం గాళ్ళ, అదే గాలికుంటు టీకాలకని నేనూ ఇన్‌స్పెక్టరూ బెళ్ళందూరు వైపు వెళ్ళాం. అక్క ఇంటిముందు టెంపో ఆగి ఉంది. బండి వెనక పలక వాల్చి ఉంది. ఇంజను గుర్రుమంటోంది. ఆవును మరిది ముందునుంచి లాగుతున్నాడు, అక్క వెనకనుంచి తోస్తోంది. నన్ను ఎవరూ పిలవలేదు. పిలవని ఇంటికి వెళ్ళడం డాక్టరుకు అవమానం. కానీ అంగడివాడికి అలాంటి పట్టింపులు లేవు. వెళ్ళాను.

దగ్గరికెళ్ళి ఆవును చూశాను. కళ్ళు గుంటలు పడ్డాయి. చెవులు ఐసుముక్కల్లా ఉన్నాయి. నిన్నటినుంచి పేడ లేదంది అక్క. ఉబ్బింది ఈసారి కుడి డొక్క. ఇన్‌స్పెక్టరు మెడలోని స్టెతస్కోపు లాక్కుని మీటాను. ఖంగుమంది. ఒక్క చోట కాదు, పక్కటెముకల నుంచి తొంటిదాకా మోగింది.

"అక్కా, ఎక్కించొద్దు. ఇది ఆ రోగం కాదు. కడుపు ఈసారి కుడిపక్కకు వచ్చింది. మెలిపడి ఉంటుంది. కుదిపితే ఇంకా బిగుస్తుంది. ఇక్కడే, ఇప్పుడే కొయ్యాలి."

"పోయినసారి కూడా కొయ్యాలంటివి గదప్పా," అంది అక్క. "కొయ్యకనే బాగాయె. నాకు ఉండేది ఇదొగటి. ఇది పోతే రేపు నేను యాడ నిలబడాలో ఆ స్తంభాల మీద సుద్దతో రాసి పెట్టినారు. నీ మాట యెట్ల నమ్మేది?"

శాస్త్రం చెప్పాను. నాలుగు కడుపుల కథ చెప్పాను. ఆమె చెయ్యి ఆవు వీపు మీదినుంచి కదలలేదు. కొనేవాడు వినకపోతే అమ్మేవాణ్ణి పట్టుకోవాలి. డ్రైవరు వైపు తిరిగాను.

"ఏమన్నా, ఇంతవరకు నీ బండిలో ఎన్ని ఆవులు చచ్చినాయి?"

"ఒగటీ లేదు సార్. దేవుని దయ."

"బండిలో ఒకటి చస్తే?"

"ఎందుకు చస్తాది?"

"దీని చెవి పట్టుకుని చూడు. రింగ్ రోడ్డు ఎక్కకముందే నీ గడ్డి మీద కాళ్ళు చాపుతుంది. రేపటినుంచి నీ బండికి ఏం పేరు పెడతారో ఆలోచించు. శవాల బండికి కూడా బాడుగలుంటాయిలే, కాకపోతే నిమ్మకాయ మార్చాలి."

అతను చెవి పట్టుకుని చూశాడు. కళ్ళలోకి చూశాడు. పలక ఎత్తి గొళ్ళెం పెట్టాడు.

"అక్కా, ఈ పొద్దు బండి రిపేరుండాది."

"ఇప్పుడే గదా గుర్రుమంటాండె!"

"అదే రిపేరు."

అక్కకు దారి మూసుకుపోయింది. నా వైపు తిరిగి, "కోస్తే బతుకుతాదా?" అనడిగింది.

"చెప్పలేను. కొయ్యకపోతే పోతుంది. అది మాత్రం చెప్పగలను."

"గ్యారంటీ లేదంటావు."

"లేదు."

"మీ నాయన బిందెకి గ్యారంటీ ఇచ్చె."

"బిందె చావదు గదక్కా."

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. "సరే కోయి," అంది. తరువాత డ్రైవరుతో, "నువ్వు పోవద్దు. బండి స్టార్టు చేసి కొట్టం పక్కనే పెట్టు. ఆ అదురన్నా తగలనీ," అంది. చివరిదాకా ఆ ఇంజను మోగుతూనే ఉంది. సగం వైద్యం దానిదేనని ఆమెకు ఈనాటికీ నమ్మకం.

ఇప్పుడొక నిజం చెప్పాలి. ఈ ఆపరేషను నేను కాలేజీలో ఉండగా పక్కన నిలబడి చూశాను, అంతే. సొంతంగా ఎప్పుడూ చెయ్యలేదు. ఆ సంగతి ఇన్‌స్పెక్టరుకు తెలుసు. సామాను పెట్టె తెస్తూ నా చెవిలో, "పాత డాక్టరు ఏమీ చేసేవాడు కాదని చెప్పినాను గదా సార్," అని మాత్రం అన్నాడు.

ఆవు నిలబడే ఉంది, అదొక్కటే మా అదృష్టం. కుడి డొక్క గొరిగి, కడిగి, అక్కడివరకే మొద్దుబారేలా సూదులు వేశాను. ఇన్‌స్పెక్టరు సెలైన్ బాటిల్ ఎత్తిపట్టుకున్నాడు, చేతి వణుకుకు ధార దానంతటదే సర్దుకునేది. అక్క తల దగ్గర. డ్రైవరు రక్తం చూడలేక బండిలోనే ఉండిపోయాడు. లోపల చెయ్యిపెట్టి పట్టుకోడానికి గట్టి మనిషి ఒకడు కావాలి. మిగిలింది ఒక్కడే. ఆవు పోతే జాగా వచ్చేవాడు.

"చేతులు కడుక్కో. మోచేతులదాకా. సబ్బుతో."

"నేనా సార్?"

"ఇంకెవరైనా కనిపిస్తే నువ్వే పిలువు."

కోసి లోపల చెయ్యి పెట్టగానే తెలిసింది, బిందెలా బిగిసి ఉంది కడుపు. సూదికి గొట్టం తగిలించి గ్యాసు వదిలాను. బుస్సుమని వచ్చిన ఆ వాసనకు ఇంజను కూడా ఒకసారి తడబడింది. ద్రవం కొంత తోడి, తడుముతూ తడుముతూ మెలి తిప్పాను. ఎటు తిప్పాలో చూసింది ఎప్పుడో, గుర్తున్నది కొంతే. చెయ్యి కింద అది ఒక్కసారి దొర్లి వదులైనప్పుడు నాకు కలిగిన ఆనందం పెళ్ళిలో కూడా కలగలేదు. మా ఆవిడ ఇది చదవదనే ధైర్యంతో రాస్తున్నాను.

ఇక అది మళ్ళీ జరగకుండా డొక్కగోడకు కట్టెయ్యాలి. ఆ కడుపును అంటిపెట్టుకుని ఉండే కొవ్వుపొరలో ఒకచోట మందంగా ఒక మడత ఉంటుంది. దాన్ని కోతలోంచి బయటికి లాగి మరిది చేతిలో పెట్టాను.

"ఏంది సార్ ఇది?"

"పంది చెవి అంటారు మా చదువులో."

"ఆవులో పంది యాడినుంచి వచ్చె సార్?"

"అది మా ప్రొఫెసర్లను అడుగు. గట్టిగా పట్టుకుంటే చిరుగుతుంది. వదిలితే లోపలికి జారుతుంది. మళ్ళీ వెతికి తీసేదాకా ఈ ఆవు నిలబడదు. నేను కుట్టేవరకు కదలొద్దు."

అతను పట్టుకున్నాడు. నేను సూదిలో దారం ఎక్కిస్తూ చూశాను. అతని చూపు కొవ్వుపొర మీద లేదు. ఎదురుగా స్తంభం మీదున్న సుద్దగీత మీద ఉంది. వేళ్ళు కొంచెం వదులు చేస్తే చాలు. ఎవరూ ఏమీ అనలేరు. చేతులు జారడం తప్పు కాదు గదా. అది అతనికి అర్థమైంది. అర్థమైందని నాకూ అర్థమైంది. తల దగ్గర నిలబడ్డ అక్కకు కూడా అర్థమైందేమో, ఆవు చెవి నిమరడం ఆపేసింది.

గిరాకీ మెట్టు దిగకముందే బేరం తెగాలంటాడు మా నాన్న. మెట్టు దిగలేని గిరాకీ నా జన్మలో దొరకడం ఇదే మొదలు.

"రూములు ఎన్ని వేద్దామనుకున్నావు?" అన్నాను.

"ఇప్పుడు ఆ మాటేల సార్?"

"ఇప్పుడు నీకింకేమైనా పనుందా?"

"ఆరు," అన్నాడు.

"కింద వేస్తే ఆరే. స్తంభాలు లేపి పైన వేస్తే కొట్టం పక్కనున్న చెట్టు మీదిదాకా జాగా వస్తుంది, ఎనిమిది పడతాయి. మా వీధంతా అంతే. కింద అంగడి, మీద సంసారం. కింద ఆవు, మీద పీజీ."

"ఆవు మీద రూములా? వాసనకు ఎవురొస్తారు సార్?"

"ఊరుకాని ఊరొచ్చిన పిల్లలకు ముక్కులుంటాయా? పొద్దున పోతారు, పొద్దుపోయి వస్తారు. పైగా పొద్దున్నే కళ్ళముందు పిండిన పాలు. బోర్డు మీద రాసుకో."

"స్తంభాలకి కర్చు ఎక్కువౌతాది." కొవ్వుపొర పట్టుకునే అతని గొంతులోకి అంగడివాడు వచ్చేశాడు. నాకు ధైర్యం వచ్చింది.

"ఆవు పోయి, జాగా కోసం పెద్దమనుషుల పంచాయితీ మళ్ళీ కూర్చుంటే దానికి ఖర్చు కాదా? మీ వదిన ఊరుకుంటుందనుకుంటున్నావా?"

తల దగ్గరనుంచి అక్క అందుకుంది. "మెట్లు మాత్రం ఈ పక్క పెట్టద్దప్పా. నా తులసి కుండ ఉండాది."

"వదినా, నువ్వు ఊరికే సుమ్మునుండు. నీ ఆవు నా చేతిలో ఉండాది."

అనేశాడు. అన్నాక ఏమన్నాడో అతనికే వినబడింది. ఇన్‌స్పెక్టరు బాటిల్ కూడా వణకడం మానేసింది. నేను సూది పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా దగ్గర ఇంక అమ్మడానికి మాటలు లేవు.

మరిది తన చేతిలోకి చూసుకున్నాడు. ఆ పొర వెచ్చగా, జిడ్డుగా, ఆవు ఊపిరికి తగ్గట్టు కొంచెం కొంచెం కదులుతూ ఉంది. ఇన్నేళ్ళు పక్కవాటాలో ఉండి అతను ఆ ఆవును ఒక్కసారి కూడా తాకి ఉండడు, తాడు తప్ప.

"మెట్లు రోడ్డుపక్క పెడతాలే," అన్నాడు చివరికి. "కుట్టు సార్. చెయ్యి తిమ్మిరెక్కుతాంది."

కుట్టాను. ఇప్పటి మీ ప్రమాణాలతో చూస్తే ఆ కుట్లు గోనెసంచివే. ఆ శుభ్రత పోలీసు కేసుకు తగింది. రోగి బంధువు చేతిలో ప్రాణం పెట్టి ఆస్తి ఒప్పందం రాయించడం ఏ సెక్షను కిందికి వస్తుందో నాకు తెలియదు, మీరెవరూ చెప్పకండి. ఆఖరి ముడి వేశాక "వదిలెయ్యొచ్చు" అంటే మరిది వేళ్ళు వెంటనే రాలేదు. ఒక్కొక్కటీ విడదీయాల్సి వచ్చింది.

ఆ మరుసటి ఉదయం ఆసుపత్రి ఫోను మోగింది. ఇన్‌స్పెక్టరు ఎత్తి, చెవికి దూరంగా పట్టుకుని నాకిచ్చాడు. ఎస్టీడీ బూతులోంచి మరిది అరుస్తున్నాడు.

"పేడేసింది సార్! ఇంత! మెత్తగా కూడా లేదు, బాగుండాది! వదిన ఇంకా చూళ్ళా, నేనే మొదలు చూస్తిని!"

నా ఉద్యోగంలో నాకు వచ్చిన ప్రశంసాపత్రాలన్నీ కలిపినా ఆ కబురుకు సాటిరావు. అవి రెండే అనుకోండి.

ఆ తరువాత నాకు బదిలీ అయింది. చాలా ఏళ్ళకు, నేను రిటైరయ్యే ముందు, అటువైపు వెళ్తే చూద్దామనిపించింది. రింగ్ రోడ్డు పూర్తయి ఉంది, మీద బండ్లు కదలడం లేదు కాబట్టి దొర్లే కడుపులకు ఇప్పుడది ఉపయోగపడదు. అక్క ఇంటి వెనక ఎత్తుగా స్తంభాలు, వాటి మీద పీజీ, రోడ్డుపక్క మెట్లు. కింద కొట్టం. ఆ ఆవు ముసలిదై, పాలు మానేసి, దాని కూతుళ్ళ పక్కన ఎడమ డొక్క ఇవతలికి పెట్టుకుని నిలబడి ఉంది. అక్క జుట్టు తెల్లబడింది, నోరు అలాగే ఉంది. "డాక్టరప్పా, టెంపో లేకుండా వస్తివే!" అంది.

నేను కాఫీ తాగుతుండగా పైనుంచి ఒక కుర్రాడు లాప్‌టాప్ సంచితో దిగి వచ్చాడు. మెట్ల కింద చీపురు పట్టుకుని పేడ తోస్తున్న మరిదిని చూసి ఆగాడు.

"అంకుల్, సీరియస్‌గా చెప్తున్నా. స్మెల్ భరించలేకపోతున్నాం. ఈ ముసలి ఆవు పాలు కూడా ఇవ్వదు గదా. దీన్ని ఎక్కడైనా షిఫ్ట్ చేసేయండి. లేకపోతే మేం నలుగురం వెకేట్ చేస్తాం."

మరిది చీపురు గోడకు ఆనించాడు. చెయ్యి పంచెకు తుడుచుకుని, ఆవు వెనకగా అవతలికి వెళ్ళి, దాని కుడి డొక్క మీద, ఆ పాత మచ్చ దగ్గర పెట్టాడు.

"వెకేట్ మీరు చెయ్యండప్పా," అన్నాడు. "ఇది చెయ్యదు."